సఫారీనా, స్కార్పియో-ఎన్నా? తిరుపతి, చిత్తూరు కుటుంబాలు కొనేముందు రెండింటినీ పోల్చుకునే పద్ధతి

ఇంట్లో ఆరేడుగురు ఉండి, బండికి పాతిక లక్షల దాకా పెట్టగలిగినవాళ్లు మన వైపు చాలామంది చివరికి రెండు పేర్ల దగ్గర ఆగుతున్నారు: టాటా సఫారీ, మహీంద్రా స్కార్పియో-ఎన్. కొలతల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు. సఫారీ పొడవు 4,668 మి.మీ., వెడల్పు 1,922 మి.మీ. స్కార్పియో-ఎన్ పొడవు 4,662, వెడల్పు 1,917. డీజిల్ ఇంజన్ల శక్తి కూడా దగ్గర దగ్గరే: సఫారీది 170 పీఎస్, స్కార్పియో-ఎన్ పై వేరియంట్లది 175 పీఎస్. బ్రోచర్లు పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా ఏది తీసుకోవాలో తేలదు.

అసలు తేడా బండి అడుగున ఉంది. సఫారీది మోనోకాక్ బాడీ, అంటే చాసిస్, బాడీ ఒకటే ముద్ద. ఇంజన్ తిప్పేది ముందు చక్రాలను. స్కార్పియో-ఎన్‌లో విడిగా ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం) ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. ఎక్కే మెట్టు ఎత్తు, మూడో వరుసలో కూర్చునే తీరు, ఘాట్‌లో మలుపు తిరిగే తీరు, తోటదారిలో బురద దాటే తీరు చాలావరకు ఇక్కడినుంచే వస్తాయి. వీటిని మీ ఇంటివాళ్లతో, మీరు తిరిగే రోడ్ల మీద ఎలా సరిచూసుకోవాలో వరసగా చెబుతాం. మీరు చూస్తున్న జత వేరే అయినా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: మూడో వరుసలో కూర్చునేది ఎవరు?

షోరూమ్‌కు వెళ్లకముందే ఒక కాగితం తీసుకుని నాలుగు విషయాలు రాయండి. నెలలో ఎన్నిసార్లు ఐదుగురి కంటే ఎక్కువమంది ఎక్కుతారు, అప్పుడు మూడో వరుసలోకి వెళ్లేది ఎవరు, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు, అందులో ఊళ్లో తిరిగేది ఎంత, హైవే ఎంత.

మొదటి రెంటికీ వచ్చే జవాబు మీదే సగం నిర్ణయం ఆధారపడుతుంది. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు, ఒక శుభకార్యానికి తప్ప మూడో వరుస తెరవని ఇల్లయితే దాని సౌకర్యం గురించి కొట్టుకోవాల్సిన పనిలేదు. వారం వారం అమ్మానాన్నలు, పిల్లలు కలిసి తిరిగే ఇల్లయితే అన్నిటికంటే ముందు చూడాల్సింది మూడో వరుసే.

చివరి రెండు ప్రశ్నలు డీజిలా, పెట్రోలా అన్నది తేలుస్తాయి. బీఎస్-6 డీజిల్ బండ్లన్నిటికీ పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఇంజన్ వదిలే మసిని పట్టి ఉంచి, బాగా వేడెక్కినప్పుడు కాల్చేయడం దాని పని. ఆ వేడి రావాలంటే బండి ఒకే తీరు వేగంతో, ఆగకుండా ఓ పావుగంటో ఇరవై నిమిషాలో నడవాలి. రోజూ బాలాజీ కాలనీ నుంచి లీలామహల్ సర్కిల్ దాకా, స్కూలు దాకా రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తుంటే మసి పేరుకుంటుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఇంజన్ శక్తి తగ్గించుకుంటుంది, బండి వర్క్‌షాప్‌కు వెళ్లాలి. వారానికి ఒకసారైనా చెన్నై రోడ్డో, నాయుడుపేట రోడ్డో ఎక్కేవాళ్లకు ఈ బాధ ఉండదు. పూర్తిగా ఊళ్లోనే తిరిగే బండికి పెట్రోలే మేలు. మైలేజీ తగ్గినా సరే.

రెండో అడుగు: వేరియంట్లను సమానం చేయండి

చాలామంది దారి తప్పేది ఇక్కడే. ఒక కంపెనీ పై వేరియంట్‌ను ఇంకో కంపెనీ మధ్య వేరియంట్‌తో పోల్చి, ‘అందులో సన్‌రూఫ్ ఉంది, ఇందులో లేదు’ అనుకుంటారు. ఇంధనం ఒకటే ఉండాలి, గేరుబాక్సు ఒకటే ఉండాలి, ఆన్‌రోడ్ ధరల మధ్య తేడా యాభై వేల లోపు ఉండాలి. అలాంటి జతనే పక్కపక్కన పెట్టండి.

స్కార్పియో-ఎన్ డీజిల్‌లో ఇంకో మెలిక ఉంది. కింది వేరియంట్లలో అదే 2.2 లీటర్ల ఇంజన్ 132 పీఎస్ శక్తి, 300 ఎన్ఎం టార్క్ (చక్రాలను తిప్పే బలం) మాత్రమే ఇస్తుంది. పై వేరియంట్లలో 175 పీఎస్, టార్క్ మాన్యువల్‌కు 370 ఎన్ఎం, ఆటోమేటిక్‌కు 400 ఎన్ఎం. టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చేది దాదాపు ఎప్పుడూ పై వేరియంటే. దాన్ని నడిపి కింది వేరియంట్ బుక్ చేస్తే, ఏడుగురితో తిరుమల ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. సఫారీ 2.0 లీటర్ల డీజిల్ అన్ని వేరియంట్లలోనూ 170 పీఎస్, 350 ఎన్ఎం.

మూడో అడుగు: గేటు, ర్యాంపు, వీధి

టేపు తీసుకుని ఇంటి గేటు కొలవండి. రెండు బండ్ల వెడల్పూ 1.9 మీటర్ల పైనే. అది అద్దాలు కాకుండా. తెరిచిన అద్దాలతో కలిపితే ఏడడుగులు దాటుతుందని లెక్కేసుకోండి. ఎనిమిదడుగుల గేటులోకి నేరుగా వస్తే పడుతుంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లోలాగా సందులోంచి వంపు తిరిగి గేటులోకి రావాలంటే మాత్రం పడదు, లేదా ప్రతిరోజూ నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ తీయాలి. పొడవు సుమారు పదిహేను అడుగుల నాలుగు అంగుళాలు. పోర్టికో పదహారడుగులే ఉంటే బండి లోపల పడుతుంది గానీ గేటు మూసుకోవడానికీ, మనిషి నడవడానికీ చోటుండదు.

డిక్కీ తలుపు తెరుచుకునే తీరు ఇక్కడే తలుచుకోవాలి. సఫారీది పైకి లేస్తుంది. స్కార్పియో-ఎన్‌ది ఇంటి తలుపులా పక్కకు తెరుచుకుంటుంది. వెనక గోడకు ఆనించి పార్కు చేసే ఇంట్లో పక్కకు తెరుచుకునే తలుపు సగం కూడా రాదు, సామాను దించాలంటే బండి ముందుకు తీయాలి. పైకి లేచే తలుపుకు పోర్టికో స్లాబు ఎత్తు చూసుకోవాలి.

కాలువ మీద వేసిన ర్యాంపు ఏటవాలుగా ఉంటే ఖాళీ బండితో చూసి సరిపోయిందనుకోవద్దు. ఏడుగురు, సామాను ఎక్కాక వెనక భాగం కిందికి దిగుతుంది. తగిలేది అప్పుడే. షోరూమ్ వాళ్లను బండి ఇంటికి తెమ్మని అడగండి. తెస్తారు.

నాలుగో అడుగు: ఆగి ఉన్న బండి దగ్గర గంటన్నర

కుటుంబం మొత్తాన్ని తీసుకెళ్లండి. బండి నడిపేవాడొక్కడే వెళ్లి చూసిరావడం ఈ తరహా బండికి సరిపోదు.

ముందు పెద్దవాళ్లను ఎక్కించండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ చీరకట్టుతో, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా రెండో వరుసలోకి ఎక్కగలగాలి, దిగగలగాలి. ఫ్రేమ్ మీద కూర్చున్న బాడీ కాబట్టి స్కార్పియో-ఎన్ లోపలి నేల ఎత్తుగా ఉంటుంది. దానికి పక్కమెట్టు తప్పనిసరి, ఎక్కడానికి పట్టుకునే హ్యాండిల్ ఆమె చేతికి అందుతుందో లేదో చూడాలి. దిగడం ఎక్కడం కంటే కష్టం. పాదం నేలను వెతుక్కుంటోందంటే ఆ ఎత్తు ఆమెకు కుదరదు. ఈ విషయంలో సఫారీ కాస్త నయం, అయినా అదీ చిన్న కారంత సులువు కాదు.

తర్వాత మూడో వరుస. చూసే పద్ధతి ఇది. డ్రైవర్ సీటును బండి నడిపేవాళ్ల కాళ్లకు సరిగ్గా పెట్టండి. దాని వెనక రెండో వరుస సీటును అక్కడ కూర్చునే మనిషికి మోకాళ్ల ముందు నాలుగు వేళ్లు ఖాళీ వచ్చేలా జరపండి. ఇప్పుడు మూడో వరుసలోకి నిజంగా వెళ్లే మనిషిని పంపించి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి. సేల్స్‌మన్ రెండో వరుసను పూర్తిగా ముందుకు తోసి, ‘చూడండి సార్ ఎంత చోటో’ అంటాడు. ఆ చోటు ప్రయాణంలో ఉండదు. చూడాల్సినవి: తొడలు సీటుకు ఆనుతున్నాయా, లేక మోకాళ్లు పైకి లేచి ఉన్నాయా, తల పైకప్పుకు తగులుతోందా, పాదాలు ముందు సీటు కిందికి వెళ్తున్నాయా. మోకాళ్లు గడ్డం దాకా లేస్తే ఆ సీటు పదేళ్లలోపు పిల్లలకే. స్కార్పియో-ఎన్‌లో పెద్దవాళ్లకు జరిగేది చాలావరకు ఇదే. సఫారీ మూడో వరుసలో సగటు ఎత్తు పెద్దమనిషి చెన్నై దాకా ఓర్చుకోగలడు.

రెండో వరుస బెంచీ తీసుకోవాలా, విడి కెప్టెన్ సీట్లు తీసుకోవాలా అన్నదీ ఇక్కడే తేల్చుకోండి. కెప్టెన్ సీట్లకు ఒక మనిషి తగ్గుతాడు. సఫారీలో వాటి మధ్య సందులోంచి మూడో వరుసకు వెళ్లొచ్చు, అందుకే పిల్లలున్న ఇంటికి అదే సుఖం.

ఏసీని మిట్టమధ్యాహ్నమే పరీక్షించాలి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి, రేణిగుంట ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు దాటే రోజులుంటాయి. డెమో బండిని అరగంట ఎండలో పెట్టించి, ఆ తర్వాత ఏసీ వేసి, మూడో వరుసలో కూర్చుని గడియారం చూడండి. పది నిమిషాల్లో వెనకవాళ్లకు చల్లగాలి తగలాలి. సఫారీలో మూడో వరుసకు విడిగా ఏసీ వెంట్లు ఉన్నాయి. స్కార్పియో-ఎన్‌లో మీరు ఎంచుకున్న వేరియంట్‌లో వెనక్కి గాలి ఎక్కడినుంచి వస్తోందో చెయ్యి పెట్టి చూడండి. పెద్ద పనోరమిక్ సన్‌రూఫ్ ఫొటోల్లో బాగుంటుంది గానీ మన ఎండలో ఏసీకి అదొక అదనపు భారం. లోపలి తెర పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి.

ఇక సామాను. మీ ఇంటి సూట్‌కేసులు రెండు, నీళ్ల క్యాను ఒకటి నిజంగానే తీసుకెళ్లండి. మూడో వరుస తెరిచి ఉన్నప్పుడు రెంటిలోనూ డిక్కీ చాలా చిన్నది, రెండు మూడు చేతిసంచులు తప్ప పట్టవు. సఫారీలో మూడో వరుస సగం సగంగా మడుచుకుంటుంది. ఆరుగురు ఉన్నప్పుడు ఒక సగం మడిచి పెద్ద సూట్‌కేసు పెట్టొచ్చు. స్కార్పియో-ఎన్‌లో వెనక సీటు మొత్తం ఒకే ముక్క. మడిస్తే ఇద్దరి చోటూ పోతుంది. ఆరుగురి కుటుంబానికి ఇది పెద్ద తేడా, బ్రోచర్‌లో మాత్రం కనిపించదు.

స్టెప్నీ ఎక్కడుందో, ఎలా దించాలో అడిగి, ఒకసారి దించి చూపించమనండి. పెద్ద ఎస్‌యూవీ చక్రం బరువు ఒంటిచేత్తో లేచేది కాదు. స్టెప్నీ సైజు మిగతా నాలుగింటితో సమానమేనా అన్నదీ చూడండి. తక్కువ సైజుదైతే దాంతో వేగం తగ్గించి నడపాలి, ఘాట్ దిగకూడదు.

ఐదో అడుగు: టెస్ట్ డ్రైవ్

షోరూమ్ వాళ్లు చూపించే దారి సాఫీగా ఉండే మూడు కిలోమీటర్లు. దారి మీరే ముందుగా చెప్పండి. రెండు బండ్లనూ ఒకే రోజు, ఒకే దారిలో, ఒకే మనుషులతో నడపాలి. కనీసం ఐదుగురు ఎక్కాలి. ఖాళీ బండి నడిపి తెలుసుకునేది తక్కువ.

తిరుపతిలో అయితే కపిలతీర్థం రోడ్డు రద్దీలో మొదలుపెట్టి, శ్రీనివాస సేతు ఎక్కి, కరకంబాడి వైపు గతుకులున్న భాగం చూసుకుని, రేణిగుంట రోడ్డు మీద వేగం అందుకుని తిరిగి రావొచ్చు. ఘాట్ కోసం మదనపల్లె దారిలో బాకరాపేట ఘాట్ ఉంది. చిత్తూరు వాళ్లకు పలమనేరు దారిలో మొగిలి ఘాట్. ఈ రెండూ ప్రమాదాలకు పేరుపడ్డ చోట్లు, కాబట్టి అక్కడ పరీక్ష అంటే వేగం పరీక్ష కాదు. ఘాట్‌కు ఒప్పుకోకపోతే ఇంకో రోజు రెండు గంటలు అడిగి తీసుకోండి. పాతిక లక్షల బండికి అది ఎక్కువ అడగడం కాదు.

ఎక్కేటప్పుడు చూడాల్సింది ఒకటే. మలుపులో 20 కి.మీ. వేగానికి పడిపోయాక మళ్లీ అందుకోవడానికి ఇంజన్ ఎంత సేపు తీసుకుంటోంది? టర్బో డీజిల్‌లో సుమారు 1,750 ఆర్‌పీఎం కింద బలం తక్కువ. మాన్యువల్ బండిని రెండో గేరులో మలుపు తిప్పి, ఏసీ వేసి ఉంచే, యాక్సిలరేటర్ నొక్కండి. గునుస్తూ మొదటి గేరు అడిగిందంటే ఏడుగురితో ఇంకా ఇబ్బంది పడుతుంది. ఎత్తుమీద ఆపి, బండి వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్ ఎంతసేపు పట్టి ఉంచుతోందో చూసి, మళ్లీ బయల్దేరండి.

దిగడం అంతకంటే ముఖ్యం. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని టీటీడీ నియమం పెట్టింది. రెండు టన్నులకు అటూఇటూ ఉన్న బండిలో ఏడుగురిని కూర్చోబెట్టుకుని, ఆ నలభై నిమిషాలూ బ్రేకు మీదే ఆధారపడితే డిస్కులు, ప్యాడ్లు వేడెక్కుతాయి, ఘాటైన కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. బ్రేకు ఫ్లూయిడ్ పాతదై తేమ పీల్చుకుని ఉంటే ఆ వేడికి అందులో ఆవిరి బుడగలు పుట్టి, బ్రేకు దాదాపు పట్టకుండా పోతుంది. అందుకే బండి గేరు మీద ఎంత ఆగుతుందన్నది కొనేముందే తెలియాలి.

ఆటోమేటిక్ అయితే లివర్‌ను మాన్యువల్ మోడ్‌లోకి జరిపి, రెండో గేరు పెట్టి, పెడళ్ల మీంచి రెండు కాళ్లూ తీసేసి చూడండి. వాలులో 30 కి.మీ. దగ్గర నిలబడితే మంచిది. కాసేపటికి తనంతట తానే పై గేరులోకి వెళ్లిపోతోందా? ఎంత ఆర్‌పీఎంకు వెళ్తోంది? ఇది సేల్స్‌మన్‌ను అడిగితే వచ్చే జవాబు కాదు, కాలితో తెలియాల్సిందే. ‘డి’లోనే వదిలేసి దిగే అలవాటున్నవాళ్లు ఇంట్లో ఇంకెవరైనా బండి నడుపుతుంటే వాళ్లకూ ఇది చూపించండి.

మలుపుల్లో వెనక కూర్చున్నవాళ్ల మాట వినండి. ఎత్తైన ఫ్రేమ్ బండి పక్కలకు ఎక్కువ ఊగుతుంది. స్కార్పియో-ఎన్ వెనక సస్పెన్షన్‌లో వాట్స్ లింకేజీ పెట్టి ఆ ఊపును బాగా తగ్గించారు, పాత స్కార్పియోతో దీనికి పోలికే లేదు. అయినా పిల్లలకు కడుపులో తిప్పడం మొదలయ్యేది మూడో వరుసలోనే, రెండు బండ్లకూ అక్కడే తేడా కనిపిస్తుంది. పదో మలుపుకే పిల్లాడు కిటికీ దించమంటే అది రాసుకోండి.

గతుకుల్లో 30-40 కి.మీ. వేగంతో వెళ్తూ రేడియో ఆపేసి చప్పుళ్లు వినండి. గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతుల్లో కొట్టుకోవడం, డ్యాష్‌బోర్డు కిరకిర, డిక్కీ తలుపు దడదడ, ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపెట్టుకోండి. డెమో బండిలో ఉన్న చప్పుడు కొత్త బండిలో ఉండకపోవచ్చు. కానీ అది ఎక్కణ్నుంచి వస్తోందో తెలిస్తే డెలివరీ రోజు ముందుగా చూడాల్సింది అదే.

రాత్రిపూట ఒకసారి హెడ్‌లైట్లు చూడాలి. ఇది చాలామంది వదిలేస్తారు. చిత్తూరు నుంచి కాణిపాకం దారి లాంటి చీకటి రోడ్డు మీద లో బీమ్‌లో పక్క మట్టిదారి కనిపిస్తోందా, మలుపులో ఏముందో తెలుస్తోందా అన్నది షోరూమ్ లైట్ల కింద తెలియదు.

తోటదారి, బురద, నీళ్లు

దామలచెరువు వైపో, బంగారుపాళ్యం వైపో మామిడితోట ఉండి, వానల్లో కూడా బండి అక్కడికి వెళ్లాల్సిందే అయితే ఇక్కడే తీర్పు వచ్చేస్తుంది. సఫారీకి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. ముందు చక్రాల బండిలో ఏడుగురు, వెనక నాలుగు బుట్టలు ఎక్కి తడిసిన ఎత్తు ఎక్కబోతే బరువంతా వెనక్కి పోయి, ముందు చక్రాలు తేలికై అక్కడికక్కడే తిరుగుతాయి. స్కార్పియో-ఎన్ డీజిల్‌లో లో రేంజ్ గేరుతో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఫోర్ వీల్ డ్రైవ్ దొరుకుతుంది. ఆ పని లేని ఇంటికి అది అనవసరపు ధర, అనవసరపు బరువు, అదనపు నిర్వహణ.

నీళ్ల విషయంలో రెండూ ఒకటే. 2021 నవంబర్ వరదల్లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి అందరికీ తెలిసిందే. వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్‌బ్రిడ్జిలో వాన నీళ్లు నిలిచినప్పుడు ఎత్తైన బండి ఉంది కదా అని దిగకండి. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. స్టార్ట్ చేసి ఇంజన్ పాడుచేసుకుంటే మామూలు బీమా ఇవ్వదు, దానికి ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా ఉండాలి.

భద్రత: నక్షత్రాల వెనక ఉన్న అంకెలు

బండిని గుద్దించి చూసే ఎన్‌క్యాప్ పరీక్షల్లో రెంటికీ పెద్దవాళ్ల భద్రతలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. అంతటితో ఆగితే అసలు తేడా చేయిజారుతుంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022లో పరీక్షించిన స్కార్పియో-ఎన్‌కు పిల్లల భద్రతలో వచ్చినవి మూడు నక్షత్రాలే. 2023లో పరీక్షించిన సఫారీకి పెద్దలకూ పిల్లలకూ ఐదేసి వచ్చాయి. అదే ఏడాది భారత్ ఎన్‌క్యాప్‌లోనూ ఐదే. పరీక్ష తర్వాత కంపెనీలు పరికరాలు మారుస్తుంటాయి. కాబట్టి మీరు కొనే వేరియంట్‌లో ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ప్రతి సీటుకూ మూడు బిందువుల బెల్టు ఉందా, రెండో వరుసలో పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండువైపులా ఉన్నాయా అన్నది చేత్తో తడిమి చూడండి. మూడో వరుస బెల్టులు లాగి, పిల్లవాడి భుజానికి సరిగ్గా వస్తున్నాయా, మెడ మీదికి వస్తున్నాయా అన్నదీ.

ఆడాస్, అంటే ముందున్నది గమనించి తనే బ్రేకు వేయడం లాంటి సాయం డ్రైవర్‌కు చేసే వ్యవస్థ, పై వేరియంట్లలో వస్తుంది. హైవేలో బాగా పనిచేస్తుంది. ఊళ్లో ఆటో అడ్డం వచ్చినా, ఆవు పక్కకు తిరిగినా హఠాత్తుగా బ్రేకు వేసే అవకాశం ఉంది, వెనక వచ్చేవాడు గుద్దుతాడు. దేన్ని ఆపేయొచ్చో, ఆపింది మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తనంతట తానే వస్తుందో అడిగి తెలుసుకోండి.

డబ్బు లెక్క

ఎక్స్‌షోరూమ్ ధరలు పోల్చడం వృథా. రెండు షోరూమ్‌ల నుంచీ ఒకే రోజు తేదీతో, విడివిడి పద్దులతో కాగితం తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సైజు బండ్ల మీద సెస్సు తీసేసి జీఎస్టీ 40 శాతం చేశారు, అంతకుముందు వీడియోల్లో చెప్పిన ధరలు పనికిరావు. ఆ పద్దుల్లో చూడాల్సినవి:

- లైఫ్ ట్యాక్స్ శ్లాబు ధరను బట్టి మారుతుంది. 20 లక్షల గీత కాస్త దాటే వేరియంట్‌కు మొత్తం ధర మీద పై శాతం పడుతుంది. గీతకు కింద ఉండే వేరియంట్‌తో తేడా సరిచూసుకోండి.
- పది లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) తీసుకుంటారు. అది పోయే డబ్బు కాదు, పాన్ సరిగ్గా ఇస్తే ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.
- హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్ అంటూ వచ్చే పద్దు ఏమిటో అడిగి తీసేయించండి.
- కొత్త బండికి థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు కట్టాలి, సొంత నష్టానికి ఏడాది చాలు. బయట కోట్ తెచ్చి చూపిస్తే షోరూమ్ ధర చాలాసార్లు దిగుతుంది. తగ్గించుకోవడానికి ఐడీవీని (బీమా లెక్కలో బండికి కట్టే విలువ) కిందికి లాగారేమో చూడండి.

మైలేజీకి కంపెనీ అంకె కాకుండా మీ దారిలో వచ్చేది కావాలి. అవే వేరియంట్లు నడుపుతున్న బంధువులో, ఆఫీసువాళ్లో ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించేదాకా నడిపిన లెక్క అడగండి. ఉదాహరణకు ఒకటి లీటరుకు 12, ఇంకోటి 14 ఇస్తుందనుకుందాం. ఏడాదికి 15,000 కి.మీ. అయితే ఒకదానికి 1,250 లీటర్లు, రెండోదానికి 1,071. తేడా 179 లీటర్లు, లీటరు 98 రూపాయలు వేసుకుంటే ఏడాదికి పదిహేడు వేల ఐదువందల చిల్లర. ఐదేళ్లకు సుమారు 88 వేలు. దీనికోసం కుటుంబానికి కుదరని బండి కొనకూడదు, ధరలో లక్ష తేడా ఉన్నప్పుడు మాత్రం ఇది లెక్కలోకి రావాలి. ట్యాంకు సఫారీది 50 లీటర్లు, స్కార్పియో-ఎన్‌ది 57.

సర్వీసు దగ్గర ధరల చిట్టా అడగండి: ముందు అద్దం, హెడ్‌లైటు ఒకటి, ముందు బంపర్, ముందు బ్రేకు డిస్కులూ ప్యాడ్లూ, క్లచ్ సెట్, ఒక టైరు. ఆడాస్ ఉన్న బండికి ముందు అద్దం మారిస్తే కెమెరాను మళ్లీ సరిచేయాలి, దానికి విడిగా ఎంత? డీజిల్ బండికి పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం పోయాలా, ఎన్ని కిలోమీటర్లకు, పోసే మూత ఎక్కడ? ఈ ప్రశ్నలకు అక్కడికక్కడ జవాబిచ్చే వర్క్‌షాప్ ఏదైతే, రేపు బండి వదిలినప్పుడు కూడా సాధారణంగా అదే బాగుంటుంది. శనివారం ఉదయం సర్వీసు గేటు దగ్గర కాసేపు నిలబడి, బండి తీసుకుని వెళ్తున్నవాళ్లను ఒకరిద్దరిని అడగండి.

ఎవరికి ఏది

మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, మూడో వరుస తరచుగా నిండే ఇంటికి, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉండి ఎక్కువగా ఊళ్లో, హైవేలో, తిరుమల దారిలో తిరిగేవాళ్లకు సఫారీ. తోట, పల్లెదారి, వానాకాలం బురద రోజువారీ జీవితంలో భాగమై, మూడో వరుస పిల్లలకే పరిమితమయ్యే ఇంటికి స్కార్పియో-ఎన్ డీజిల్. ఫోర్ వీల్ డ్రైవ్ నిజంగా వాడతామంటేనే దానికి డబ్బు పెట్టండి. మీ కాగితం మీద రాసుకున్న జవాబులు వేరేలా ఉంటే వాటినే నమ్మండి.

చివరి అడుగు: రిజిస్ట్రేషన్‌కు ముందు బండి చూడటం

పూర్తి డబ్బు కట్టకముందు, బండి మీ పేరున రిజిస్టర్ కాకముందు పగటి వెలుతురులో చూడాలి. ఆ తర్వాత ఏ లోపం చెప్పినా ‘రిపేరు చేయిస్తాం’ అంటారు, బండి మార్చరు.

చాసిస్ నంబరు ఇన్వాయిస్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. తయారైన నెల, సంవత్సరం అడగండి. మూడు నెలలు దాటితే కారణం అడగాలి, ఏడాది మారితే ధర తగ్గించమనాలి. ఐదు టైర్ల పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2225 అంటే 2025లో ఇరవై రెండో వారం. ఐదూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి మాత్రమే వేరుగా ఉంటే ఎందుకో చెప్పించుకోండి. ఓడోమీటర్ వంద కిలోమీటర్లు దాటి ఉంటే బండి ఎక్కడెక్కడ తిరిగిందో అడగాలి. బాడీ పలకల మధ్య సందు రెండువైపులా ఒకేలా ఉందా అని వేలు పెట్టి జరుపుతూ రండి. బంపర్ అంచుల్లో, తలుపు రబ్బరు కింద రంగు జల్లు కనిపిస్తే అక్కడ మళ్లీ పెయింట్ వేశారని అర్థం. అన్ని సీట్లూ మడిచి తెరవండి, ప్రతి బెల్టూ లాగండి, మూడో వరుస ఏసీ, ఛార్జర్లు, సన్‌రూఫ్ నాలుగుసార్లు తెరిచి మూయండి. బండిని పది నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచి, కింద అట్టముక్క పరిచి చూడండి. ఏసీ నీళ్ల చుక్కలు ఉండొచ్చు, జిడ్డు చుక్క ఉండకూడదు.

వాహనపూజకు కాణిపాకమో, తిరుమలో వెళ్లాలనుకుంటే టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్), బీమా కాగితం చేతికి వచ్చాకే బయల్దేరండి. తిరుమల అయితే అలిపిరి చెక్‌పోస్టుకు ముందే ఫాస్టాగ్ అతికించి, డబ్బు వేసి ఉంచుకోండి. కొత్త బ్రేకు ప్యాడ్లు డిస్కులకు సరిగ్గా కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. అంతవరకు ఏడుగురిని ఎక్కించుకుని పాత ఘాట్ దిగకండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ను ఒకే వేగంలో గంటల తరబడి నడపకుండా, పూర్తి బరువు వేయకుండా చూసుకోండి. వెయ్యి దాటాక డోరు అంచు మీద అతికించిన పట్టికలో పూర్తి లోడుకు రాసిన గాలి ఒత్తిడి చూసి, చల్లగా ఉన్న టైర్లకు అంత పెట్టించి, అప్పుడు అందరూ కలిసి ఎక్కండి.